పొయ్యి బూడిద

పెద్దాసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబు
పొద్దున ఏడింటికి తలుపు తీసేది నేనే.
ఇంక్యుబేటర్లో రాత్రంతా వెచ్చగా పడుకున్న పళ్ళేలు,
నెల్లూరు పొట్టేలు నెత్తురు కలిపి పేరబెట్టిన అగరు,
దానిమీద చెమ్మచెమ్మగా, నడుమ గుంటపడి
మెరుస్తా చుక్కలు.
ఎవరికైనా మంచుబొట్లు అనిపిస్తాయి.
నాకు మా మస్తానుగాడి చొంగ గుర్తొస్తుంది.

ఏడో నెంబరు మంచం. ఇందుకూరుపేట పాప. పదకొండు నెలలు.
నిన్న వెన్నునీరు మబ్బుమబ్బుగా వచ్చింది.

గాజుపలక మీద ఒక బొట్టు, పక్కన నల్లసిరా.
సిరా అంతటా పాకుతుంది,
ఆ జంటగింజల దాకా వచ్చి ఆగిపోతుంది.
రెండేసి గింజలు, చుట్టూ తెల్లటి ఖాళీ.
ఆ ఖాళీ నిజానికి ఖాళీ కాదు, చక్కెర.
గొలుసులు గొలుసులుగా అల్లి తొడుక్కున్న చొక్కా.
తెల్లకణం వస్తుంది, నోరు తెరుస్తుంది,
పట్టు దొరకదు.

జారడం అంటే ఏందో నాకు అమ్మ నేర్పింది.
బుచ్చి అవతల, కనిగిరి రిజర్వాయరు గట్టున,
తట్టలో కొరమీను ఎగిరెగిరి పడతా ఉంటే
"ఉత్త చేత్తో పడతావంటే నవ్విపోద్ది మే అది" అనేది చెంచమ్మ.
చల్లారిన పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తీసి
తలనించి తోకదాకా అద్దేది.
అంతే, అమ్మ పిడికిట్లో నిలిచిపోయేది చేప.
కత్తిపీట పని ఆ తర్వాత.

యాంటీబాడీ అంటే ఏందని నర్సింగు పిల్లలు అడిగితే
బూడిద అని చెప్తాను.
నవ్వుతారు, రాసుకోరు.

అయితే పసివొంటికి ఈ బూడిద చేసుకోవడం రాదు.
రెండేళ్ళు నిండేదాకా
చక్కెరని చూసీ చూడనట్టు వదిలేస్తుంది.
ఉత్త చక్కెరే సూదిలో ఎక్కించినా అంతే,
నేర్చుకోదు, గుర్తుపెట్టుకోదు.
అందుకని ఎవరో తెలివిగల మనుషులు
కోరలు పీకిన కంఠసర్పి విషం ఒకటి తెచ్చి
దాని తోకకి ఈ చక్కెర పీలిక ముడేశారు.
పాముని చూసి ఉలిక్కిపడే ఒళ్ళు
పీలికని కూడా ఇక మరిచిపోదు.

మస్తానుగాడి కాలానికి ఈ ముడి మా దాకా రాలేదు.
పెన్నకి నీళ్ళొచ్చిన కార్తీకం.
పక్కటెముకలు లోపలికి గుంజుకుంటా ఉంటే
అమ్మ వాడి రొమ్ముకీ బూడిదే రాసింది,
పోలేరమ్మ గుడి ముందరిది.
ఒళ్ళు కాలిపోతా ఉండింది, బూడిద చెమటకి కారిపోయింది.

మొన్న బుధవారం అదే అమ్మ
మా చెల్లెలి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని సంగం ఆసుపత్రి బెంచీ మీద.
కార్డులో ఆరో వారం గీత, పద్నాలుగో వారం గీత,
తొమ్మిదో నెల ఇదిగో ఇప్పుడు.
సూది తొడలో దిగింది, బిడ్డ కెవ్వుమంది.
"ఇదేనా మే నువ్వు చెప్పే బూడిద?" అంది.
ఇదే అన్నాను.
"కొంచెమే ఉండాదే!"

కొంచెమే.
పోయిన నెల కొడవలూరు పిల్లోడి నమూనా
టైపు చూడమని రాయవేలూరు పంపితే
జవాబు ఇవాళ వచ్చింది.
వాడి కార్డులో మూడు గీతలూ ఉన్నాయి.
వాడి ఊపిరితిత్తుల్లోది మాత్రం
ఆ సీసాలో లేని చొక్కా.
వాటి పెట్టెలో వందకి దగ్గర చొక్కాలు,
మన సీసాలో పట్టినవి పదో, పదమూడో.
పిల్లోడు బతికాడు. కుడి చెవి వినపడదు.
అమ్మకి ఈ సంగతి చెప్పలేదు, చెప్పాలి.

ఏడో నెంబరు పాపది ఇంకో పళ్ళెంలో పరిచి
మధ్యలో మందుబిళ్ళ పెట్టి మూత వేశాను.
దాని చుట్టూ ఎంత ఖాళీ మిగులుతుందో
రేపు పొద్దున స్కేలుతో కొలవాలి.
ఆ ఖాళీ ఒక్కటే మనది.

రిజిస్టర్లో నెంబరెక్కించి
చేతులు కడుక్కోబోతే
సబ్బు జారి సింకులో పడింది.